తిథికి రెండు ఘడియలు

"కాకినాడ నుంచి బస్సులో కోరంగి మడ అడవికి వెళ్లాం. మడచెట్ల వేళ్లు నేలలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయని చదివి వెళ్తే అంతా నీళ్లే. ఫోటోల్లో కనిపించేది వేరే చోటా?" అని ఒక పాఠకురాలి ప్రశ్న. చోటు అదేనండీ, వేళే కుదరలేదు. ఆవిడ రాసిన తేదీని పంచాంగంలో చూస్తే పౌర్ణమి. చేరింది ఉదయం తొమ్మిదిన్నరకు. ఏరు నిండుగా ఉండే వేళకి సరిగ్గా వెళ్లారు.

చంద్రుడు సముద్రాన్ని ఎందుకు లాగుతాడు, రోజుకి రెండు పోట్లు ఎందుకు అన్నది బడి పుస్తకంలో ఉంది, వదిలేద్దాం. బస్సు దిగి ఏటి ఒడ్డున నడవాలనుకునేవాళ్లకి కావలసింది ఒక్కటే: నీళ్లు ఎప్పుడు తగ్గుతాయి? ఆ లెక్కకి మన గోడ క్యాలెండరు చాలు.

తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. ముప్ఫై తిథులకి 360 డిగ్రీలు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 12 డిగ్రీలంటే 48 నిమిషాలు. అంటే ఒక్కో తిథి గడిచేసరికి చంద్రుడు నడినెత్తికి రావడం 48 నిమిషాలు ఆలస్యమవుతుంది, పోటూ అంతే ఆలస్యమవుతుంది. ఘడియ 24 నిమిషాలు. ఇంకేముంది, తిథికి సరిగ్గా రెండు ఘడియలు! ముప్ఫై తిథులకి అరవై ఘడియలు, అంటే ఒక పూర్తి రోజు. కాబట్టి మళ్లీ అమావాస్య వచ్చేసరికి పోటు మొదటి వేళకే వచ్చి నిలుస్తుంది. తిథి క్షయమై లెక్కలోంచి జారిపోయినా, వృద్ధి అయి రెండు రోజులు నిలిచినా బెంగ లేదు. మనం లెక్కపెడుతున్నది రోజుల్ని కాదు, కోణాన్ని.

ఇక మొదటి వేళ తెలియాలి. కాకినాడ, విశాఖ తీరాల్లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. ఆ ఉదయం సునామీ తొమ్మిది దాటగానే మన తీరాన్ని తాకింది, దాదాపు పోటు వేళకే. లెక్క కోసం 8:45 అనుకుందాం. పోటుకీ ఆటుకీ మధ్య ఆరుంబావు గంటలు. అంటే ఆ రోజుల్లో నీళ్లు బాగా తగ్గేది మధ్యాహ్నం మూడింటికి, మళ్లీ తెల్లవారుజామున రెండున్నర దాటాక. శుద్ధమైనా బహుళమైనా చవితి నాటికి దీనికి నాలుగు తిథులు, ఎనిమిది ఘడియలు, అంటే 3 గంటల 12 నిమిషాలు కలపండి. ఆటు తెల్లవారి ఆరుకి ముందు. అష్టమికి పదహారు ఘడియలు: ఆటు ఉదయం తొమ్మిదికి, పోటు మధ్యాహ్నం మూడుకి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నీళ్లు అన్నిటికంటే ఎక్కువ తగ్గేది అమావాస్య, పౌర్ణములకి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు. ఆ రోజుల్లో పోటుకీ ఆటుకీ తేడా మన తీరంలో సుమారు 1.4 మీటర్లు. అష్టమి ప్రాంతంలో అర మీటరే. మన తీరంలో పెద్ద ఆటు ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం దాటాకో, అర్ధరాత్రి దాటాకో తప్ప ఉదయం ఏడింటికి రాదు. హాయిగా పొద్దున్నే వచ్చే ఆటు ఎప్పుడూ చిన్న ఆటే. వేరే తీరాల్లో ఈ గడియారం వేరుగా ఉంటుంది, ఇక్కడ మాత్రం ఇంతే. ఎండ వద్దనుకుంటే మధ్యేమార్గం తదియ, చవితి: ఆటు తెల్లవారుజామున, తేడా ఇంకా ఫరవాలేదు. కోరంగిలో మాత్రం చెక్కబాట చెట్ల నీడలో ఉంటుంది గనుక పౌర్ణమి మధ్యాహ్నమే మేలు. కాకినాడ కాంప్లెక్సులో యానాం బస్సెక్కి, కోరంగి అభయారణ్యం దగ్గర దింపమని కండక్టరుకి ముందే చెప్పండి. రెండింటికల్లా చేరితే నీళ్లు జారుతుండగా చూడొచ్చు. లోపలికి ఎప్పటిదాకా వదులుతారో టిక్కెట్టు దగ్గరే కనుక్కోండి. పడవ మీద మోజుంటే మాత్రం పోటు వేళ ఎంచుకోవాలి. ఆటులో పాయల్లో పడవ బురదకి తగులుతుంది.

ఒక్క మాట పాఠాల గురించి. భూమి చుట్టూ నీటి ఉబ్బు, చంద్రుడికి ఎదురుగా ఒకటి, వెనక ఒకటి అని బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ ప్రకారం అమావాస్య నాడు చంద్రుడు నడినెత్తిన ఉండే పన్నెండింటికి పోటు రావాలి. కాకినాడలో ఆ వేళకి సముద్రం సగం వెనక్కి పోయి ఉంటుంది! కారణం వేగం. చంద్రుడి కింద నిలవాలంటే ఆ ఉబ్బు భూమధ్యరేఖ దగ్గర గంటకి 1,600 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తాలి. ఇంత పొడవాటి అల వేగం లోతుని బట్టే ఉంటుంది: గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీయాలి. నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో అది సెకనుకి 198 మీటర్లు, గంటకి 700 కిలోమీటర్ల చిల్లర. అందుకోలేదు. తొట్టిలో నీళ్లు కదిపినట్టు ఒక్కో సముద్రం తన ఆకారాన్ని బట్టి ఊగుతుంది. ఉపాధ్యాయులు ఆ బొమ్మ గీశాక, మన ఊరి పోటు వేళ పక్కన రాయించి తేడా ఎందుకని అడిగితే ఎంత బావుంటుంది!

అదే సూత్రం ఏట్లోకి తీసుకురండి. రెండు మీటర్ల లోతు పాయలో వేగం సెకనుకి 4.4 మీటర్లు, గంటకి 16 కిలోమీటర్లు. సముద్రానికి పది కిలోమీటర్ల లోపలున్న రేవుకి పోటు దాదాపు 38 నిమిషాలు ఆలస్యం. ఆటు వేళకి అదే పాయలో అర మీటరు నీళ్లే ఉంటే వేగం సగానికి పడిపోతుంది, ఆలస్యం గంటా పావు. పోటు త్వరగా వస్తుంది, ఆటు ఈడ్చుకుంటూ వస్తుంది. అందుకే పాయల్లో నీళ్లు గబగబా ఎక్కి, నింపాదిగా దిగుతాయి. క్యాలెండరు లెక్క మూడు గంటలంటే మడ అడవిలో అసలైన ఆటు మూడున్నర, నాలుగు. తిరుగు బస్సుకి తొందరపడి అసలు దృశ్యం చూడకుండా రాకండి.

అప్పుడు కనిపించేవి: బురదలోంచి జానెడు ఎత్తున వేలల్లో నిలబడ్డ శ్వాసవేళ్లు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, రెక్కల మీద డేకుతూ ఉన్నట్టుండి గెంతే వేలెడు చేపలు. చెక్కబాట దిగి బురదలో కాలు పెట్టొద్దు. మోకాలి దాకా దిగబడుతుంది, లోపలి ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, ఆ పాలు కంట్లో పడితే మంట, కొన్నాళ్లు చూపుకే ఇబ్బంది.

ఇసుక ఒడ్డున నడిచేవాళ్లకి పన్నెండు పాళ్ల లెక్క. ఆరు గంటల్లో నీరు ఒకే తీరుగా ఎక్కదు: గంటగంటకీ 1, 2, 3, 3, 2, 1 పాళ్లు. 1.4 మీటర్ల పోటులో మొదటి గంట 12 సెంటీమీటర్లే. మూడో గంట, నాలుగో గంట 35 చొప్పున. ఇరవై మీటర్లకి ఒక మీటరు వాలున్న ఇసుక మీద 35 సెంటీమీటర్లంటే ఏడు మీటర్లు ముందుకి. రెండొందలకి ఒకటి వాలున్న బురద మేట మీద డెబ్బై మీటర్లు! మొదటి గంట చూసి "ఏముందిలే" అనుకున్నవాళ్లే ఇరుక్కుంటారు.

అసలు ప్రమాదం మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే నోటి దగ్గర. ఒక చదరపు కిలోమీటరు ఏటి నీరు అర మీటరు దిగితే ఐదు లక్షల ఘనపు మీటర్లు. ఆరు గంటల్లో అదంతా ఇరవై మీటర్ల వెడల్పు, మీటరు లోతున్న మొగలోంచి పోవాలంటే సగటు వేగం సెకనుకి మీటరు దాటుతుంది, ఆటు మధ్యలో 1.8 దాకా. మోకాలి లోతులోనే మనిషిని పడేసే వేగమది, తోసేది సముద్రంలోకి. ఎదుటి ఒడ్డు రాయి విసిరితే అందేంత దగ్గరున్నా దాటొద్దు.

ఇదే దారిలో ఓ పాత నడక ఉంది: సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్యకి, యానాం రోడ్డు మీదే ఉన్న చొల్లంగిలో మొదలై, గోదావరి ఏడు పాయల సంగమాల్లో స్నానాలు చేసుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. మన లెక్క పెట్టి చూడండి. చొల్లంగిలో తెల్లవారుజామున మునిగేవాళ్లకి పెద్ద పోటు ఎక్కుతూ ఉంటుంది, నీటి ఒరవడి లోపలికే. పదకొండు తిథులు, ఇరవై రెండు ఘడియలు గడిచాక అంతర్వేదిలో పోటు ఐదు ప్రాంతంలో ముగిసి, ఉదయమంతా నీరు బయటికి లాగుతుంది. కానీ అష్టమి దాటి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి ఆ లాగుడు చిన్నది. మాఘ పౌర్ణమి, కార్తీక పౌర్ణమి స్నానాలు అలా కాదు. తొమ్మిది దాకా ఎక్కుడు, పది నుంచి రెండు దాకా పెద్ద ఆటు ఈడ్పు. ఆలస్యంగా లేచి తీరిగ్గా వెళ్లేవాళ్లే అందులో దిగుతారు.

గ్రహణం రోజు సముద్రం పొంగుతుందన్న భయం కూడా ఇక్కడే తేలిపోతుంది. గ్రహణం పట్టేదే అమావాస్యకో, పౌర్ణమికో. ఆ నాడు ఎలాగూ పెద్ద పోటే. గ్రహణం లేని పౌర్ణమికీ దానికీ ఒడ్డున నిలబడి తేడా చెప్పలేరు.

పంచాంగం చెప్పనివి రెండున్నాయి. వాయుగుండం పడితే గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గినందుకు నీటిమట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది, పైన గాలి నెట్టుడు వేరే. ఉప్పాడ బీచ్ రోడ్డు మీదికి కెరటాలు మరీ ఎగబడేది వాయుగుండం, అమావాస్య పోటో పౌర్ణమి పోటో కలిసినప్పుడు. రెండోది రుతువు. బంగాళాఖాతం మట్టం మన తీరంలో అక్టోబరు, నవంబరుల్లో హెచ్చు, మార్చి ప్రాంతంలో తగ్గు. తేడా గట్టిగానే ఉంటుంది. అంటే కార్తీకంలో ఆటుకి కూడా మునిగే ఉండే మేటలు ఫాల్గుణంలో బయటపడతాయి. ఫాల్గుణ పౌర్ణమి మర్నాడు మూడున్నరకి కోరంగిలో ఉండేలా చూసుకోండి. టోపీ, రెండు లీటర్ల నీళ్లు, దోమలకి పూసుకునే మందు, తిరుగు బస్సుకి చిల్లర.