రోడ్డు కింద బియ్యం బస్తా

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

"తాతయ్యా, నిన్నటిదాకా బస్సులు తిరిగిన రోడ్డు ఒక్క వానకే ఎట్లా కుంగింది? కింద ఖాళీ ఉందని ముందే తెలియదా?" అని మీలో ఒకరు అడిగారు. తెలుస్తుంది. ముందు బియ్యం బస్తా సంగతి వినండి.

మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో బస్తాలు వరసగా పేర్చి ఉండేవి. ఎలుక అడుగున చిల్లు పెడితే గింజలు జారిపోయేవి, గోనె మాత్రం బిగువుగా నిలబడేది. ఎవరైనా పైన కూర్చుంటే గబుక్కున కుంగేది. మన రోడ్డుకి తారే గోనె, మట్టే బియ్యం. పగిలిన మోరీ పైపు ఎలుక. పైపు అతుకులోంచి నీళ్ళతో పాటు మట్టి రవ్వంత రవ్వంతగా లోపలికి జారి కొట్టుకుపోతుంది.

బెలూం గుహల దగ్గర సున్నపురాయి నీళ్ళకి కరుగుతుంది. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్, అది అట్లా కరగదు. ఇక్కడ జారేది దాని మీది మొరం, పూడ్చిపోసిన మట్టి. కొన్నిచోట్ల పాత నాలాల పైకప్పులే కూలుతాయి. 2022 డిసెంబరులో గోషామహల్ చాక్నవాడిలో నాలా మీది రోడ్డు అట్లాగే కూలింది.

ఇట్లాంటి ఖాళీలను వెతికేవాళ్ళు ముందు పాత మ్యాపులు తీస్తారు: పైపులు ఎక్కడ, పూడ్చిన చెరువు ఎక్కడ. తర్వాత నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్ బండిని నడక వేగంతో తోస్తారు, అర మీటరుకో గీత చొప్పున, నిలువుగా, అడ్డంగా. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా రెండు మూడు మీటర్లు చూస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌ది ఇంకా లోతుకి పోతుంది కానీ చిన్న ఖాళీలు దానికి ఆనవు. నేలలో తరంగం నానోసెకనుకి (సెకనులో వంద కోట్లో వంతు) దాదాపు పది సెంటీమీటర్లు పోతుందనుకుంటే, 40 నానోసెకన్లకి తిరిగొచ్చిన జాడ, రానూ పోనూ నాలుగు మీటర్లు కనుక, రెండు మీటర్ల లోతుది. తెర మీద పైపు బోర్లించిన మూకుడులా కనిపిస్తుంది.

తడిసిన నల్లరేగడి ఈ తరంగాలను మింగేస్తుంది, మీటరు లోతు కూడా కష్టమే. అప్పుడు మీటరుకొకటి చొప్పున 48 ఇనుప కడ్డీలు దిగేసి కరెంటు పంపి, అది ఎక్కడ సులువుగా పోతుందో, ఎక్కడ అడ్డుపడుతుందో చూస్తారు. ఆ వరస పొడవులో ఆరో వంతో ఐదో వంతో లోతు తెలుస్తుంది. తారులో కడ్డీ దిగదు, చిన్న రంధ్రం చేసి ఉప్పునీళ్ళు పోయాలి. ఒక చిక్కుంది: గాలి నిండిన గొయ్యి కరెంటుకి అడ్డం, గ్రానైట్ బండా అడ్డమే. రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఎనిమిది కిలోల సుత్తితో ఇనుప పలకను కొట్టి, 24 జియోఫోన్లతో, అంటే నేల అదురును పట్టే పరికరాలతో, ఆ అదురు కూడా వింటారు. మట్టి వదులైన చోట అది నెమ్మదిగా నడుస్తుంది. బస్సులు తిరుగుతుంటే వాటి అదురు దీనిలో కలిసిపోతుంది, కనుక ఈ పని అర్ధరాత్రి చేస్తేనే మేలు.

చివరికి బియ్యం వ్యాపారి బస్తాలో గొట్టం గుచ్చి గింజ చూసినట్టే, అనుమానం ఉన్నచోట బోరు వేసి చూడాలి. కేబుళ్ళు ఎక్కడున్నాయో తెలియకుండా మాత్రం గుచ్చకూడదు. ఖాళీ దొరికితే మొదట పైపు బాగుచేయాలి, ఆ తర్వాతే పూడ్చాలి. వట్టి మట్టి పోసి పైన తారు వేస్తే ఎలుకను లోపలే ఉంచి బస్తా కుట్టినట్టు.

రేపు బడికెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని మ్యాన్‌హోళ్ళ చుట్టూ చూడండి. అర్ధచంద్రంలా పగులు కనిపించినా, వాన లేకున్నా అక్కడే చెమ్మ ఉన్నా, దాని మీద కాలు పెట్టకండి. వెంటనే నగరంలో మంచినీళ్ళు, మోరీలు చూసే జలమండలికి చెప్పమని నాన్నకి చెప్పండి. పగులు ఎన్ని జానలుందో దూరం నుంచే అంచనా వేసి నాకు రాయండి.

మీ తాతయ్య