మువాన్ గొడవ ఇప్పటిది కాదు, 2002 నాటిది

2025 జులై 19న దక్షిణ కొరియాలోని మువాన్ ఎయిర్‌పోర్ట్‌లో, అక్కడే జరిగిన జేజు ఎయిర్ విమాన ప్రమాదం మీద దర్యాప్తు బోర్డు ప్రెస్ మీట్ పెట్టబోతే బాధిత కుటుంబాలు అడ్డుపడ్డాయి, మీట్ క్యాన్సిల్ అయింది. అంతకుముందు బోర్డు వాళ్ళు కుటుంబాలకి చెప్పింది ఏంటంటే, పక్షులు తగిలాక ఎక్కువ దెబ్బతిన్నది కుడి ఇంజన్ అయితే పైలట్లు ఆపేసింది ఎడమ ఇంజన్ని అని. అయ్యుండొచ్చు. కానీ 179 మంది పోయిన ప్రమాదంలో బోర్డు ముందుగా బయటపెట్టాలనుకున్నది చచ్చిపోయిన పైలట్ల తప్పు, రన్‌వే అవతల ఉన్న కాంక్రీట్ దిబ్బ సంగతి కాదు. కుటుంబాల కోపమంతా అక్కడే.

జేజు ఎయిర్ విమానం 2024 డిసెంబర్ 29న చక్రాలు దిగకుండా పొట్టమీద జారిపోయి ఆ దిబ్బకి గుద్దుకోవడం అందరూ వీడియోలో చూసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే ఇప్పుడు ఆ పేరుతో లేని ఒక శాఖ దగ్గరికి వెళ్ళాలి. దక్షిణ కొరియా 1994 డిసెంబర్‌లో నిర్మాణ శాఖనీ రవాణా శాఖనీ కలిపి నిర్మాణ-రవాణా శాఖ అని ఒకటి చేసింది, రోడ్లు, ఇళ్ళు, రైళ్ళు, విమానాలు అన్నీ ఒకే మంత్రి చేతిలోకి వచ్చాయి.

నా లెక్కలో అసలు మలుపు 2001 ఆగస్టు. అమెరికా విమాన భద్రతా సంస్థ ఎఫ్ఏఏ తన భద్రతా రేటింగ్‌లో కొరియాని రెండో కేటగిరీకి దించేసింది, అంటే కొరియా ఎయిర్‌లైన్స్ అమెరికాకి కొత్త రూట్లు పెట్టుకోవడం కుదరదు. ఈ రేటింగ్ ఎయిర్‌లైన్స్‌కి ఇచ్చేది కాదు, వాటిని చూసుకోవాల్సిన ప్రభుత్వానికి ఇచ్చేది, అందుకే మంత్రి ఓ జాంగ్-సోప్ పదవి పోయింది. హడావిడిగా చట్టాలు మార్చి, మనుషుల్ని పెంచి, డిసెంబర్‌కల్లా మళ్ళీ మొదటి కేటగిరీ తెచ్చుకున్నారు. తర్వాత 2002 ఏప్రిల్‌లో ఎయిర్ చైనా విమానం బుసాన్ దగ్గర కొండని గుద్దుకుని 129 మంది పోయారు, ఆ ఆగస్టులో విమాన ప్రమాదాల దర్యాప్తు బోర్డు పుట్టింది. అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీని 1975లోనే రవాణా శాఖ నుంచి పూర్తిగా విడదీశారు, ఆ మోడల్ కళ్ళ ముందే ఉంది, అయినా కొరియాలో బోర్డుని అదే నిర్మాణ-రవాణా శాఖ కింద పెట్టారు. శాఖ తనని తాను విచారించుకునే పరిస్థితి ఆ రోజే మొదలైంది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే మువాన్ ఎయిర్‌పోర్ట్ కడుతున్నారు, అదే శాఖ ఆధ్వర్యంలో. లోకలైజర్ అంటే దిగే విమానానికి రన్‌వే మధ్య గీత ఎక్కడుందో చెప్పే యాంటెనాల వరస, విమానం తగిలితే విరిగిపోయేలా తేలిగ్గా కట్టాల్సింది. ఇక్కడ మాత్రం మట్టి దిబ్బలో కాంక్రీట్ పోసి దానిమీద నిలబెట్టారు. 2007లో ఎయిర్‌పోర్ట్‌ని అప్పజెప్పుకునేటప్పుడే ఎయిర్‌పోర్టుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ కార్పొరేషన్ ఇది సరిచేయాలని అడిగింది, అయినా అది అలాగే ఉండగా ఆ నవంబర్‌లో ఓపెన్ చేసేశారు. తర్వాత రిపేర్లు చేసినప్పుడు తీసేయాల్సింది పోయి పైన ఇంకో కాంక్రీట్ స్లాబ్ వేశారు!

2008లో శాఖ పేరు మారింది, 2013లో మళ్ళీ మారి ఇప్పటి భూమి-మౌలిక వసతుల-రవాణా శాఖ అయింది. బోర్డు మాత్రం ప్రమాదం నాటికి కూడా ఆ శాఖ కిందే ఉంది. ప్రమాదం జరగ్గానే శాఖ చెప్పింది, దిబ్బ రన్‌వే చివర అడ్డేం లేకుండా ఉంచాల్సిన సేఫ్టీ ఏరియా బయట ఉంది కాబట్టి రూల్ తప్పలేదని. కానీ సేఫ్టీ ఏరియా లోకలైజర్ దాకా ఉండాలని వాళ్ళ సొంత రూల్సే చెప్తున్నాయి. 2025 జనవరిలో 7 ఎయిర్‌పోర్టుల్లో ఇలాంటివి 9 మారుస్తామని వాళ్ళే ప్రకటించారు, తప్పేం లేకపోతే మార్చడం దేనికి? బోర్డు ఛైర్మన్ కూడా ఒకప్పుడు ఆ శాఖ ఆఫీసరే, కుటుంబాలు పట్టుబడితే గానీ తప్పుకోలేదు.

అహ్మదాబాద్ విమాన ప్రమాదం మీద అదే 2025 జులైలో ప్రాథమిక రిపోర్ట్ వచ్చినప్పుడు మన దగ్గరా పైలట్ల మీదకి నెట్టేస్తున్నారన్న మాట వచ్చింది, మన దర్యాప్తు బ్యూరో కూడా విమానయాన శాఖ కిందే ఉంది.

మువాన్ కుటుంబాలు అప్పుడు అడిగింది రెండే. పైలట్ల తప్పు అనే ముందు బ్లాక్ బాక్స్ డేటా బయటపెట్టాలి, బోర్డుని శాఖ నుంచి బయటికి తీయాలి.