జియోక్యాషింగ్: డబ్బా దాచేస్తే టూరిస్టులు వచ్చేస్తారా?

జియోక్యాషింగ్ అంటే ఒకరు దాచిన డబ్బాను (జియోక్యాష్) జీపీఎస్ అంకెల సాయంతో మిగతావాళ్లు వెతికే నిధి వేట ఆట. స్థానికులతో కలిసి ఈ జియోక్యాష్ దారులు తయారుచేయడం నా పని. ప్రతి చోటా దాదాపు ఇవే అనుమానాలు ఎదురవుతాయి.

అపోహ: నిధి అంటే జనం వచ్చి తవ్విపోస్తారు.
వాస్తవం: 2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్‌లో పెట్టిన మొట్టమొదటి బకెట్‌ను కొంత పాతిపెట్టిన మాట నిజమే. ఇప్పటి నియమాలు మాత్రం మామూలుగా తవ్వడాన్ని ఒప్పుకోవు. స్థలం యజమాని అనుమతి కూడా ఉండాలి. డబ్బాలో దొరికేది సంతకం చేయడానికి ఒక లాగ్‌బుక్, మహా అయితే ఇచ్చిపుచ్చుకునే చిన్న బొమ్మలు.

అపోహ: ఎన్ని డబ్బాలు పెడితే అంత టూరిజం.
వాస్తవం: నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి కాబట్టి, ఆ దూరం కొలుచుకుంటూ ఒక బాట పొడవునా పెట్టుకుంటూ పోయాను. జనం వచ్చారు, సంతకం పెట్టారు, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయారు. పక్కనే ఉన్న పాత రాతి వంతెనను ఎవరూ తలెత్తి చూడలేదు! నాకు చాలా బాధేసింది. అన్నీ తీసేసి ఒకటే మల్టీ క్యాష్ పెట్టాం, అంటే ఒక చోట దొరికిన జవాబుతో తర్వాతి చోటుకు వెళ్తూ చివరికి డబ్బాను చేరేది. వంతెన కమానులు లెక్కపెడితేనే తర్వాతి చోటు జీపీఎస్ అంకెలు తెలుస్తాయి. రాళ్ల మీద ఉలితో చెక్కిన గుర్తులు పనివాళ్లు పెట్టుకున్నవని అక్కడి పెద్దాయన ఒకరు చెబితే, దాన్ని కూడా ఒక ప్రశ్నగా చేర్చాం. అప్పటి నుంచి లాగ్‌లలో వంతెన గురించి రాస్తున్నారు.

అపోహ: సున్నితమైన చోట్లకు ఈ ఆట పనికిరాదు.
వాస్తవం: డబ్బానే లేని ఎర్త్‌క్యాష్‌లు 2004 నుంచీ ఉన్నాయి. రాతి పొరనో, వాగు కోతనో దగ్గరగా చూసి ప్రశ్నలకు జవాబులు పంపాలి. పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

అపోహ: ఖరీదైన జీపీఎస్ పరికరం కావాలి.
వాస్తవం: ఫోన్ చాలు. చెట్ల కింద, కొండ అంచున కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి మంచి క్లూ ఇవ్వండి.

అపోహ: పెట్టేస్తే పనైపోయినట్టే.
వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. మూత సరిగ్గా పడకపోతే ఒక్క వానకే లాగ్‌బుక్ ముద్దయిపోతుంది, సిరా కారిపోతుంది. దాచే ముందే, వానల తర్వాత వెళ్లి మూత తీసి చూసేది ఎవరో పేరు రాసుకోండి. ఆ పేరు దొరక్కపోతే నేను డబ్బా పెట్టను.