సోలార్‌లో ముందు పాడయ్యేది ప్యానెల్ కింద ఉన్నదే: బరంపురం నుంచి జయపురం దాకా వినిపించే అపోహలు, వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలో ఈ వైపు ఏ ఊళ్లోనైనా సోలార్ పెట్టించుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ ప్యానెల్ మంచిది?" అడగాల్సిన ప్రశ్నల్లో అది చివరిది. పేరున్న ఏ ప్యానెల్ అయినా పాతికేళ్లు నిలుస్తుంది. ముందు పోయేవి బోల్టు, కనెక్టర్, ఎర్తింగ్ తీగ. ఆ తర్వాత వంతు, ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ది. బేరం ప్యానెల్ దగ్గర చేసి వీటిని గాలికి వదిలేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

అపోహ: కాళ్ల కింద సిమెంటు దిమ్మెలు పోశారు, ఇక ఏ తుఫానూ కదపలేదు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. కాబట్టి లెక్కే చూద్దాం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు 140 నుంచి 150. మన తీరానికి కట్టడాల లెక్కల్లో తీసుకునే వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ 50ని 50తోనే హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు వస్తుంది, సుమారు 150 కిలోల తోపు. 550 వాట్ల ప్యానెల్ ఒక్కోటి 2.58 చదరపు మీటర్లు. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు పెడితే పదిహేనున్నర చదరపు మీటర్ల తెరచాప ఎత్తినట్టే. గాలి కింద నుంచి దూరితే పైకి లేపే బలం రెండు టన్నులు దాటుతుంది. వాలును బట్టి, డాబా మీద చోటును బట్టి ఇది మారుతుంది. మధ్యలో కొంత తక్కువ, అంచుల దగ్గర, మూలల్లో ఎక్కువ.

ఇప్పుడు మన వైపు బరువు చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు దిమ్మె 68 కిలోలు. ఆరు కాళ్లకు ఆరు దిమ్మెలంటే 408. ప్యానెళ్లు ఒక్కోటి 28 చొప్పున 168. ఇనుము మరో 120 అనుకోండి. అంతా కలిపితే 700. ఎదురుగా రెండు టన్నులు. దిమ్మె ఉత్త డాబా మీద కూర్చుని ఉంటే దిమ్మెతో సహా లేస్తుంది, పక్కింటి రేకుల మీద పడుతుంది.

"అయితే స్లాబుకు బోల్టు కొట్టేద్దాం" అంటారు. ఇళ్ల స్లాబు నాలుగు, ఐదు అంగుళాలే. పన్నెండు మిల్లీమీటర్ల కెమికల్ యాంకర్‌కి (రంధ్రంలో జిగురు పోసి దించే బోల్టుకి) పట్టు దొరకాలంటే 110 మిల్లీమీటర్ల దాకా లోతు కావాలి. అంత తవ్వితే కింద గదిలో పెచ్చు ఊడుతుంది, వానాకాలం నీరు దిగుతుంది. అందుకే కాళ్లు పిల్లర్ల మీదికి, బీముల మీదికి రావాలి. మన ఇళ్లలో పై అంతస్తు కోసం పిల్లర్ కమ్మీలు వదిలేస్తారుగా, వాటికి కట్టి దిమ్మె పోస్తే అంతకు మించిన పట్టు లేదు. యాంకరే వేయాల్సి వస్తే రంధ్రం తవ్వాక బ్రష్షుతో రుద్ది, పంపుతో ఊది, మళ్లీ రుద్ది ఊదాలి. ఆ దుమ్ము పోకపోతే జిగురు కాంక్రీటుకు బదులు దుమ్ముకు అంటుకుంటుంది. చేతితో లాగితే గట్టిగానే ఉంటుంది, గాలికి మాత్రం సాకెట్టులోంచి ప్లగ్గు వచ్చినట్టు వచ్చేస్తుంది.

కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తు పందిరి వేయించుకోవడం ఇప్పుడు మోజు. వేయించుకోండి, కానీ కాళ్ల మధ్య ఏటవాలు పట్టీలు రెండు వైపులా ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ కాలు మొదట్లో వంచే బలం పెరుగుతుంది. ప్యానెల్ పట్టే క్లాంపు బోల్టు ఎం8 అయితే సాధారణంగా 12 నుంచి 16 న్యూటన్ మీటర్లు బిగించాలి. ఆ బలాన్ని కొలిచి బిగించడానికి టార్క్ రెంచ్ ఉంటుంది. మణికట్టు అంచనాతో బిగిస్తే కొన్ని వదులవుతాయి, కొన్ని గాజును నొక్కేస్తాయి. ఏటా సెప్టెంబరులో, తుఫాను కాలం మొదలవక ముందే, ప్రతి బోల్టూ ఒకసారి చూడాలి. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి మామూలు నట్టు రెండేళ్లలో తుప్పుముద్ద అవుతుంది. స్టెయిన్‌లెస్ నట్లే వాడండి. గాల్వనైజ్డ్ పైపును కోసిన చోట, రంధ్రం చేసిన చోట జింకు పూత పోతుంది కాబట్టి అక్కడ జింకు పెయింటు వెంటనే పూయించండి. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా మన ఇంట్లో వెలుగు ఉంటుంది.

లైన్లోకి పంపినదీ, లైన్ నుంచి తీసుకున్నదీ కొలిచే నెట్ మీటరు పెట్టి గ్రిడ్‌కు (బయటి కరెంటు లైనుకు) కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండలో కూడా. అది లోపం కాదు, అలా ఆగడం తప్పనిసరి. తుఫాను మర్నాడు లైన్‌మ్యాన్ కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కుతాడు. మన డాబా మీంచి ఆ తీగలోకి కరెంటు వెళితే ఆయన ప్రాణం పోతుంది.

వెలుగు కావాలంటే లైన్ పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరూ, దానికి బ్యాటరీ కూడా ఉండాలి. బ్యాటరీ లెక్క కూడా మోసపోకుండా చూసుకోండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు పోతుంది కాబట్టి 900. ఇన్వర్టర్ నష్టం పోను చేతికొచ్చేది 750. పాత ఫ్యాన్లు రెండు, ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఒక వైఫై పెట్టె కలిపితే సుమారు 195 వాట్లు, నాలుగు గంటలు కూడా రాదు. ఆ రెండు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే మోటారువి) పెడితే అదే బ్యాటరీ ఏడు గంటలు లాగుతుంది. ముందు ఫ్యాన్లు మార్చండి, తర్వాత బ్యాటరీ కొనండి.

అపోహ: ఎండ మండితే కరెంటు దంచి కొడుతుంది.

ప్యానెల్‌కి కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ మీద రాసిన వాట్లు అందులోని సెల్ (కరెంటు పుట్టించే చిన్న పలక) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే నెలలో సెల్ 65 దాకా పోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోయింది. రేకుల కప్పు మీద ప్యానెల్‌ని అంటించినట్టు బిగిస్తే ఇంకా పోతుంది. కింద కనీసం నాలుగు అంగుళాలు గాలి ఆడేలా వదలండి.

ఇంకో వింత ఉంది. ఎండ బాగా ఉన్న పదకొండు, పన్నెండు గంటలకే ఇన్వర్టర్ ఆగి ఆగి పనిచేస్తుంది. ప్యానెల్ పాడైందని మార్చమంటారు. చాలాసార్లు కారణం వోల్టేజి. ఇన్వర్టర్ కరెంటును బయటికి తోయాలంటే లైన్ కంటే కొంచెం ఎక్కువ వోల్టేజి పెట్టాలి, హద్దు దాటితే ఆగిపోతుంది. మూడు కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. డాబా మీంచి మీటరు దాకా 30 మీటర్లకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే అందులోనే ఐదున్నర వోల్టులు పెరుగుతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే రెండుంబావు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఇళ్లకు లైన్ వోల్టేజి ముందే ఎక్కువ, ఆగడానికీ నడవడానికీ ఈ మూడు వోల్టులే తేడా. తీగ మీద మిగిల్చిన డబ్బు రోజూ మధ్యాహ్నం పోతుంది.

అపోహ: వానాకాలం సున్నా.

సున్నా కాదు. దట్టమైన మబ్బులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా వస్తుంది. ఏడాది సగటున మన వైపు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లోపు లెక్కేసుకోండి. జులై, ఆగస్టుల్లో రెండు, రెండున్నరకు దిగుతుంది. ఐదు వస్తాయని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. మబ్బు కంటే కొబ్బరి మట్ట నీడ నష్టం. ఒక్క సెల్ మీద గట్టి నీడ పడినా ఆ ప్యానెల్‌లో మూడో వంతు పని మానేస్తుంది.

అపోహ: పిడుగు కడ్డీ పెడితే పిడుగును పిలిచినట్టే.

కడ్డీ పిడుగును పిలవదు. పడే పిడుగుకు నేలలోకి దారి చూపిస్తుంది. ఆ దారి పొట్టిగా, నిటారుగా, లంబకోణంలో వంపు లేకుండా ఉండాలి. దాన్ని ప్యానెల్ తీగలతో కలిపి కట్టకూడదు. ఎర్తింగ్ గోతులు మూడు: డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, కడ్డీకి ఒకటి. మధ్య రెండు మూడు మీటర్ల ఎడం ఉండాలి. ఖర్చు తగ్గించడానికి ఒకే గోతిలో మూడూ కలిపేస్తే పిడుగు పడినప్పుడు ఆ వోల్టేజి నేరుగా ఇన్వర్టర్‌లోకి ఎదురెక్కుతుంది. ఎర్తింగ్ రెసిస్టెన్స్, అంటే కరెంటు నేలలోకి దిగడానికి ఉండే అడ్డు, 5 ఓముల లోపు ఉండాలి. కోరాపుట్, రాయగడ కొండ నేలల్లో, ఎర్ర రాతి నేలల్లో ఒక ఎర్తింగ్ కడ్డీ పాతితే అంత తక్కువకు రాదు. తేమ పట్టుకునే బెంటొనైట్ మట్టి వేసి, రెండో ఎర్తింగ్ కడ్డీ కలిపి, మీటరుతో కొలిచి చూపించమనండి. వేసవి చివర, నేల ఎండినప్పుడు కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

దూరాన పడిన పిడుగు కూడా తీగల్లో వోల్టేజి పుట్టిస్తుంది. దానికి అడ్డు కడ్డీ కాదు, సోలార్ తీగలు కలిసే పెట్టెలో ఉండే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్. దాని కిటికీ పచ్చగా ఉంటే బతికున్నట్టు, ఎర్రగా మారితే తన పని చేసి చచ్చిపోయినట్టు. పెద్ద ఉరుముల రాత్రి తర్వాత పెట్టె తెరిచి ఆ రంగు చూడండి.

అపోహ: తీగ తగిలితే చాలు, కనెక్టర్ ఏదైనా ఒకటే.

ప్యానెల్ తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. లోపల పిన్నుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే ఒక పక్క చప్పిడి, ఇంకో పక్క వదులు. క్రింపింగ్ టూల్‌తో నొక్కితే తీగ పోగులన్నీ ఒకే ముద్దగా పట్టుకుంటాయి. పిన్ను తోసినప్పుడు టక్‌మని వినపడాలి, వెనక్కి లాగితే రాకూడదు. ఒక కంపెనీ మగదాన్ని ఇంకో కంపెనీ ఆడదానిలో దూర్చితే కూర్చున్నట్టే ఉంటుంది. కానీ లోపల స్పర్శ చాలక వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఓ రోజు కరుగుతుంది. డీసీలో పుట్టిన నిప్పురవ్వ ఏసీలో లాగా దానంతటది ఆరదు. అందుకే నడుస్తుండగా కనెక్టర్ ఊడదీయొద్దు. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెల్ నుంచి వచ్చే తీగను విడదీసే స్విచ్), ఆ తర్వాతే చెయ్యి. కనెక్టర్ డాబా నీళ్లలో పడి ఉండకూడదు, పట్టాకు కట్టి వేలాడాలి.

అపోహ: "ముఫ్త్ బిజిలీ" (ఉచిత కరెంటు) కదా, బిల్లు సున్నా.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో కేంద్రం ఇచ్చేది మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం మీద 78,000 మించదు. రాష్ట్రం ఇచ్చే సాయం ఉంటే అది పోను మిగతాది మీ డబ్బే. దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే ఇస్తారు. ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ ఉంటుంది. ఎంత పెట్టాలో సబ్సిడీ చూసి కాక బిల్లు చూసి తేల్చుకోండి. గత పన్నెండు నెలల యూనిట్లు కూడి 1300తో భాగించండి. నెలకు 250 యూనిట్ల ఇల్లయితే ఏడాదికి 3000, అంటే సుమారు 2.3 కిలోవాట్లు. నెలకు 50 యూనిట్లు కూడా దాటని ఇంటికి చౌక శ్లాబు ఉండగా మూడు కిలోవాట్లు అంటగట్టడం అన్యాయం.

బిల్లు మీద పేరు, దరఖాస్తు పేరు, బ్యాంకు పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల పేర్లు ఇక్కడి కాగితాల్లో తిరగబడి ఉంటాయి. అది ముందే సరిచేసుకోండి. నెట్ మీటరులో ఎగుమతి తక్కువ కనిపిస్తే కంగారుపడొద్దు. పగలు ఇంట్లో వాడుకున్నది ఆ మీటరు దాకా రాదు. ఇన్వర్టర్ చూపించిన ఉత్పత్తిలోంచి ఎగుమతి తీసేస్తే అదే మీ వాడకం.

అపోహ: ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కాపీరైట్, వాళ్ల మనిషి తప్ప ఎవరూ ముట్టకూడదు.

పెట్టినవాళ్లు పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకుని ఈ మాట చెబుతారు. వాళ్ల ఫోను కలవకపోతే మీ డాబా మీది కరెంటు లెక్క మీకే కనబడదు. కాపీరైట్ ఆ ప్రోగ్రాము రాతకు ఉంటుంది. ఈ రోజు 12 యూనిట్లు వచ్చాయన్న నిజానికి ఎవరి కాపీరైటూ ఉండదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇంకో వెసులుబాటు ఇచ్చింది: ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు, వేరే ప్రోగ్రాముతో దాన్ని కలిపి నడపడానికి కావలసిన సమాచారం మామూలుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకునే పని ఉల్లంఘన కాదు. ఇన్వర్టర్‌కి ఉండే ఆర్‌ఎస్485 పోర్టు (సమాచారం బయటికి తీసే తీగ పెట్టే చోటు) ద్వారా మీ అంకెలు మీ కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి భయపడనక్కర్లేదు. రెండు హద్దులు మాత్రం పాటించండి. సీలు విప్పితే వారంటీ పోవచ్చు. గ్రిడ్ వోల్టేజి హద్దుల్ని మార్చకూడదు, అది లైన్‌మ్యాన్ ప్రాణంతో ముడిపడ్డది. చివరి వాయిదా కట్టే ముందు యజమాని ఖాతా మీ మెయిల్ మీద, మీ ఫోను నంబరు మీద తెరిపించుకోండి.

మాన్యువల్ సంగతీ ఇంతే. ఇంగ్లీషులో ఉన్న దాన్ని వాక్యానికి వాక్యం తెలుగు చేసి పంచాలంటే అనుమతి కావాలి, అనువాదం కూడా హక్కుదారుడి హక్కే. అందులోని పద్ధతిని మీ మాటల్లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి ఇన్వర్టర్ పక్క గోడ మీద ఒక కాగితం అంటించండి, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి: ముందు ఏసీ బ్రేకర్ దించాలి, తర్వాత డీసీ ఐసొలేటర్ తిప్పాలి. పగిలిన ప్యానెల్‌లో కూడా పగలు కరెంటు ఉంటుంది, ఆరు కలిస్తే 300 వోల్టుల దాకా, తడి చేతితో ముట్టొద్దు, టార్పాలిన్ కప్పాలి. ఐసొలేషన్ ఫాల్ట్ అని వస్తే మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు, ఎక్కడో తీగ చర్మం ఊడి నీళ్లు తగులుతున్నాయి. కింద మెకానిక్ నంబరు, పెట్టిన తేదీ, ఎర్తింగ్ కొలిచినప్పుడు వచ్చిన ఓములు.