నత్రజని పెరిగితే చెట్టుకు కరువయ్యేవి

పైరుకు యూరియా వేస్తే కొద్ది రోజుల్లోనే పచ్చబడుతుంది. కలప కోసం పెంచే ప్లాంటేషన్లలో కూడా అదే ఆశతో నత్రజని ఎరువు వేస్తారు. ఆ ఆశ వట్టిది కాదు. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చలి దేశాల్లో రాలిన ఆకులు నిదానంగా కుళ్లుతాయి కాబట్టి నేలలో చెట్టుకు అందే నత్రజని ఎప్పుడూ తక్కువే. అక్కడ నరకడానికి పదేళ్ల ముందు హెక్టారుకు 150 కిలోల నత్రజని ఒక్కసారి వేసినా కలప స్పష్టంగా పెరుగుతుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధన అడవి అయిన హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1988లో మొదలైన ప్రయోగంలోనూ ఒక మడికి అదే 150 కిలోలు వేశారు. కాకపోతే అక్కడ ఏటా వేశారు. 1926లో నాటిన రెడ్ పైన్ చెట్లవి. కొన్నేళ్లు గడిచేసరికి వాటి ఎదుగుదల ఎరువు వేయని చెట్ల కంటే తగ్గిపోయింది, ఆ తర్వాత చాలా చెట్లు చనిపోయాయి. ఆకుల్లో మాత్రం నత్రజని దండిగా ఉంది! దానితో పోలిస్తే మెగ్నీషియం తగ్గింది. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

అలా ఎందుకవుతుందో తెలియాలంటే ఒక యూరియా గుళికను దగ్గరగా చూడాలి. తేమ తగలగానే అది కరుగుతుంది. నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియంగా మారుస్తుంది. ఆ కొద్ది రోజులు గుళిక చుట్టూ మట్టి క్షారంగా మారి, కొంత నత్రజని అమ్మోనియా వాయువుగా గాలిలో కలిసిపోతుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ క్రమంలో ఆమ్లం పుడుతుంది. వేళ్లు నైట్రేట్ మొత్తాన్ని పీల్చుకుంటే పెద్ద చిక్కు లేదు. మిగిలితేనే కష్టం. మట్టి రేణువులది రుణావేశం, నైట్రేట్‌దీ రుణావేశమే. అందుకే మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. వాన నీటితో లోపలికి జారిపోతూ అది కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలను కూడా వెంట తీసుకుపోతుంది. ఆమ్లం మాత్రం పైనే ఉండిపోతుంది.

ఇలా ఆమ్లం పెరిగేకొద్దీ మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గుతుంది. అది 5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరగడం మొదలవుతుంది. అది లేత వేరు కొనలను దెబ్బతీస్తుంది, భాస్వరాన్ని చెట్టుకు అందకుండా కట్టిపడేస్తుంది. ఉష్ణమండలంలోని ఎర్ర నేలల్లో భాస్వరం ముందే కొరత. అలాంటి చోట నత్రజని ఒక్కటే వేయడం నా దృష్టిలో పొరపాటు.

మట్టి కింద ఇంకో నష్టం కూడా జరుగుతుంది. చాలా చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రాలు ఉంటాయి. చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది, అవి దారాల్లాంటి పోగులను దూరం దాకా పంపి భాస్వరం తెచ్చిస్తాయి. నత్రజని సులువుగా దొరికితే చెట్టు వేళ్ల వైపు పంపే చక్కెర తగ్గిస్తుంది. దాంతో శిలీంధ్రాలు బక్కచిక్కుతాయి, సరిగ్గా భాస్వరం అవసరం పెరిగిన సమయంలోనే! కలపకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రాలు కూడా మందగిస్తాయి. దానివల్ల మట్టిలో కార్బన్ ఎక్కువ కాలం నిలవడం మంచిదే కానీ, రాలిన ఆకుల్లోని పోషకాలు తిరిగి చెట్టుకు చేరడం ఆలస్యమవుతుంది.

ఈ కొరత ఆకు మీద కనబడుతుంది. చలి దేశాల్లో పెరిగే స్ప్రూస్ చెట్టుకు మెగ్నీషియం చాలకపోతే సూదుల్లాంటి దాని పాత ఆకులు కొన వైపు నుంచి పసుపు రంగుకు తిరుగుతాయి, కొత్తవి పచ్చగానే ఉంటాయి. ఉన్న కాస్త మెగ్నీషియాన్ని చెట్టు పాత ఆకుల నుంచి లాగి చిగుళ్లకు పంపుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

అందుకే ఆకు పరీక్షలో నత్రజని శాతం ఒక్కటే చూస్తే లాభం లేదు. నత్రజనికి భాస్వరం ఎంత, మెగ్నీషియం ఎంత అన్న నిష్పత్తి చూడాలి. నరికేటప్పుడు ఆకులు, కొమ్మలు, బెరడు అక్కడే వదిలేయడం కూడా ఎరువు వేయడంతో సమానమే. కాల్షియం బాగా పోగుపడేది బెరడులోనే. దుంగను బెరడుతో సహా లారీకెత్తితే ఆ కాల్షియం వనం దాటిపోతుంది, ఎంత యూరియా వేసినా అది తిరిగి రాదు.