కార్జంలో జలగ వయసెంత?

పిల్లలూ,

మేసి వచ్చిన గొర్రె దవడ కింద మెత్తగా ఉబ్బి ఉంటే బొటనవేలితో కాసేపు నొక్కి వదలండి. సొట్ట పడి అలాగే నిలిచిందంటే అక్కడ చేరింది నీరు. కంటి కింది రెప్ప లాగి చూడండి, ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది. కడుపులో రక్తం పీల్చే సన్న పురుగులున్నా ఇలాగే అవుతుంది కాబట్టి చూడగానే తీర్పు చెప్పకండి. అయితే తడి నేలల్లో మేసే మందలో కార్జపు జలగను మాత్రం మరవకూడదు.

పేరుకే జలగ. చెరువులో కాలికి పట్టేదానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆకులా చదునుగా ఉండే పురుగు ఇది. ఫాసియోలా హెపాటికా 2, 3 సెంటీమీటర్లుంటుంది. వేడి ప్రాంతాల ఫాసియోలా జైజాంటికా 7 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండిటి కాపురమూ కార్జంలోని పైత్యనాళాల్లోనే.

హెపాటికా ఒక్కటే రోజుకు 20,000 గుడ్ల దాకా పెడుతుంది. అవి పైత్యంతో పేగులోకీ, పేడతో బయటికీ వస్తాయి. తడి తగిలి, వాతావరణం వెచ్చగా ఉంటే రెండు వారాల్లో పొదుగుతాయి. 10 డిగ్రీల లోపు చలిలో ఎదగవు. బయటికొచ్చిన పిల్లకు దాదాపు ఒక్క రోజే గడువు. ఈలోగా లిమ్నియా కుటుంబపు నత్త దొరక్కపోతే దాని పని అంతే. నత్తగుల్లను మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడిపక్కన ఉంటే అనుమానించవచ్చు, ఎడమపక్కన ఉంటే అది వేరే నత్త. (తర్వాత చేతులు కడుక్కోండి.) ఈ నత్త సంగతిని 1880ల మొదట్లో జర్మనీలో లూకార్ట్, ఇంగ్లండులో థామస్ ఎవరికి వారే తేల్చారు.

నత్తలో దూరిన ఒక్క పిల్ల నుంచి వందల్లో తోకపిల్లలు తయారవుతాయి. ఐదు నుంచి ఎనిమిది వారాల తర్వాత అవి ఈదుకుంటూ వెళ్లి గడ్డికి అంటుకుని, తోక వదిలేసి గట్టి పెంకు కట్టుకుంటాయి. పశువు మింగేది ఆ గడ్డినే.

ఇక అసలు విషయం. మింగిన వారంలోపే పిల్ల జలగలు పేగు గోడ తొలుచుకుని కార్జం చేరతాయి. ఆరు వారాల పాటు దాన్ని తొలుస్తూ తిరిగి, ఆ తర్వాత పైత్యనాళాల్లో స్థిరపడతాయి. హెపాటికా గుడ్లు పెట్టేది 10, 12 వారాలకు. జైజాంటికాకు ఇంకా ఆలస్యం. అందుకే ఒకేసారి ఎక్కువ పిల్ల జలగలను మింగిన గొర్రెలు హఠాత్తుగా చనిపోతుంటే, పేడలో గుడ్లు లేవని జలగ లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఏ మందు అని అడిగే ముందు జలగ వయసెంత అని అడగాలి. ఆల్బెండజోల్ ఎదిగినవాటినే చంపుతుంది, పైగా చూలు మొదటి రోజుల్లో వాడితే పిండానికి ముప్పు. ట్రైక్లాబెండజోల్ రెండు వారాల పిల్ల జలగలను కూడా చంపుతుంది. ఐవర్‌మెక్టిన్‌కు ఏ వయసు జలగా లొంగదు.

పేడ పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. పురుగుల గుడ్ల కోసం మామూలుగా వాడే ఉప్పునీటిలో జలగ గుడ్లు తేలవు, అవి బరువు. ఐదు గ్రాముల పేడను నీళ్లలో కలిపి, టీ జల్లెడతో పెద్ద గ్లాసులోకి వడకట్టి, మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. పై నీళ్లు మెల్లగా వంచేసి మళ్లీ నింపండి. నీరు తేటపడేదాకా ఇదే పని. అడుగు మడ్డిలో ఒక చుక్క మెథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే నీలం మధ్యలో పసుపు బంగారు రంగు గుడ్లు కనిపిస్తాయి. అదే ఆకారంలో రంగులేని గుడ్లుంటే అవి పొట్టజలగవి.

మోతాదు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ట్రైక్లాబెండజోల్ గొర్రెకు కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆవుకు 12. అంటే 40 కిలోల గొర్రెకు 400 మిల్లీగ్రాములు, 5 శాతం మందైతే 8 మిల్లీలీటర్లు. మందకంతా సగటు బరువు కట్టి పోస్తే బరువైనవాటికి చాలదు. చావగా మిగిలిన జలగలే మందుకు మొండికేస్తాయి. ఈ మందుకు లొంగని జలగలు ఆస్ట్రేలియాలో ఉన్నట్టు 1995లోనే బయటపడింది. మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాడి పశువైతే ఆ మందు వాడొచ్చో లేదో పశువైద్యుణ్ణి అడగాలి. మూడు వారాల తర్వాత పేడ మళ్లీ చూడండి.

నీటితొట్టి కింద ఎప్పుడూ కారే చోటు, గిట్టల గుంటల్లో నిలిచిన నీరు, కాలువ అంచు బురద, ఇవే నత్తల ఇళ్లు. కారేచోటు మూసి, తడి నేలకు కంచె వేస్తే సగం పని అయినట్టే. అక్కడి గడ్డి కోసినా పచ్చిగా వేయకుండా ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టాలి. పదునుండగా కట్టలు కడితే పెంకు కట్టిన పిల్లలు నెలల తరబడి బతికే ఉంటాయి.

మీరు అడగబోయేది నాకు తెలుసు: కార్జం తింటే మనకూ వస్తుందా? ఎదిగిన జలగ మన కడుపులో అరిగిపోతుంది. మనకు వచ్చేది నీటి మొక్కల ఆకులు పచ్చిగా తింటేనో, ఆ మడుగు నీళ్లు తాగితేనో.