సోనిక్ యూత్ చప్పుడు: అపోహలు, రిపేరు బల్ల దగ్గర తెలిసే వాస్తవాలు

గిటార్లు సెటప్ చేయడం, రిపేరు చేయడం నా పని. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో ఎప్పుడూ ఒకరిద్దరుంటారు, "అన్నా, దీనికి సోనిక్ యూత్ ట్యూనింగ్ పెట్టివ్వు" అంటారు. ట్యూనింగ్ అంటే ఏ తీగని ఏ స్వరానికి బిగించాలన్నది. ఏ ట్యూనింగ్ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. అలాంటిది ఒక్కటే ఉంటుందనుకుంటారు మరి!

సోనిక్ యూత్ అనే ఆ రాక్ బ్యాండ్ 1981లో న్యూయార్క్‌లో మొదలై 2011లో ఆగిపోయింది. ఈ ముప్పై ఏళ్లలో వాళ్ల సౌండ్ ఎలా మారుతూ వచ్చిందో రాసేవాళ్లు ఎక్కువగా రికార్డు కంపెనీల గొడవలో పడిపోతారు. నేను చూసేది వేరే. ఆ సమయంలో వాళ్ల చేతిలో ఏ గిటార్లున్నాయి, వాటికి ఏ తీగలు కట్టారు, ఎంత బిగించారు అన్నది చూస్తే చాలా మలుపులకు కారణం దొరుకుతుంది. ఆ కోణం నుంచే ఈ అపోహలు రాస్తున్నాను.

అపోహ: వాళ్లకు సరిగ్గా వాయించడం రాదు. అందుకే శ్రుతి లేకుండా బాదారు.

1982లో వచ్చిన వాళ్ల మొదటి చిన్న రికార్డు వినండి. దాదాపు అంతా మామూలు ట్యూనింగే. అక్కడి నుంచి కావాలనే పక్కకు జరిగారు. బ్యాండ్ గిటారిస్టులు థర్స్టన్ మూర్, లీ రానాల్డో ఇద్దరూ గ్లెన్ బ్రాంకా అనే స్వరకర్త బృందాల్లో వాయించినవాళ్లు. ఆ మొదటి రికార్డు వచ్చింది కూడా బ్రాంకా లేబుల్ న్యూట్రల్ నుంచే. బ్రాంకా చాలా గిటార్లను ఒకచోట చేర్చి, తీగలన్నీ ఒకే స్వరానికో దాని అష్టకాలకో కట్టి, చెవులు దిమ్మెక్కే వాల్యూమ్‌లో మోగించేవాడు. అలా మోగితే ఎవరూ వాయించని స్వరాలు కూడా పైన తేలుతూ వినిపిస్తాయి. ఆ పాఠాన్ని వీళ్లిద్దరూ పాటల్లోకి తెచ్చారు.

వాళ్లు బాగా వాడిన ఒక ట్యూనింగ్ చూడండి: నాలుగు తీగలు ఎఫ్ షార్ప్‌కి, మిగతా రెండు ఈ, బీ స్వరాలకు. ఒకే స్వరానికి కట్టిన రెండు తీగలు ఎప్పుడూ అచ్చంగా కలవవు. ఒకటి 185 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 186 దగ్గర ఉంటే సెకనుకు ఒకసారి చొప్పున శబ్దం ఉబ్బి తగ్గుతుంది. తంబురాలో సారణి, అనుసారణి తీగల్ని ఒకే షడ్జమానికి కట్టి ఒకదాని తర్వాత ఒకటి మీటితే గదంతా నిండిపోయే నాదం వస్తుంది కదా, ఇదీ దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ మధ్యలో డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చేది) పెట్టిన ఆంప్లిఫయర్, అంటే ఆంప్ ఉంటుంది, అది ఆ చిన్న తేడాని పదింతలు చేసి చూపిస్తుంది. శ్రుతి పట్టించుకోని చెవికి ఇది సాధ్యం కాదు. తేడా మరీ పెరిగితే ఆ ఊపు పోయి ఉత్త గరగర మిగులుతుంది.

అపోహ: పాటకో గిటార్ మార్చడం డబ్బున్నవాళ్ల షోకు.

నాకు బాగా ఒళ్లు మండే అపోహ ఇది. మంచి గిటార్లు కొనే స్తోమత లేకే వాళ్లు చవక సెకండ్ హ్యాండ్ గిటార్లు పట్టారు. చవక గిటార్‌ని మామూలు ట్యూనింగ్‌లో వాయిస్తే చవకగానే మోగుతుంది, దాచలేం. వింత ట్యూనింగ్‌లో పెడితే ఆ లోపమే ఒక గుణంలా వినిపిస్తుంది.

మరి అన్ని గిటార్లు ఎందుకు? దీనికి సమాధానం తీగ బిగువులో ఉంది. తీగ పొడవు, మందం మారకపోతే బిగువు స్వరం ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు సెమిటోన్లు (అరస్వరాలు) దించితే బిగువు సుమారు 21 శాతం పడిపోతుంది. మూడు దించితే 29 శాతం. అదే డీ తీగని నాలుగు సెమిటోన్లు పైకి, ఎఫ్ షార్ప్‌కి లాగితే 59 శాతం దాకా పెరుగుతుంది. అక్కడ తీగ తెగినా ఆశ్చర్యం లేదు. ఆరు తీగల లాగుడు కలిసి నెక్‌ని వంచుతుంది. లోపలి ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ దానికి ఎదురు తోస్తుంది. ఈ రెండూ ఒక సమతూకంలో ఉన్నప్పుడే గిటార్ శ్రుతి నిలుస్తుంది. స్టేజి మీద రెండు పాటల మధ్య నాలుగు తీగల ట్యూనింగ్ మారిస్తే నెక్ మెల్లగా కొత్త వంపులోకి కదులుతూ ఉంటుంది, పాట సగానికి వచ్చేసరికి మీరు పెట్టిన శ్రుతి మీ దగ్గర ఉండదు. కాబట్టి ఒక ట్యూనింగ్‌కి ఒక గిటార్, దానికి సరిపడే తీగల మందం, దానికి తగ్గ సెటప్, అంతే. అవసరం కొద్దీ చేసిన పని అది.

మొదట్లో అన్ని గిటార్లు లేవు కాబట్టి ఇబ్బంది పడ్డారు. కచేరీలో ఒకరు ట్యూన్ చేసుకుంటుంటే ఇంకొకరు ఏదో మోగిస్తూ ఉండటం, క్యాసెట్ మీద పట్టిన శబ్దాలు వేయడం చేసేవారు. 1985 నాటి బ్యాడ్ మూన్ రైజింగ్ ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ వస్తాయి. విమర్శకులు దాన్ని గొప్ప కళాత్మక నిర్ణయం అన్నారు. కాదనను, కానీ పుట్టింది మాత్రం ట్యూనింగ్ తిప్పుకునే తంటాలోంచే.

అపోహ: తీగల కింద స్క్రూడ్రైవర్, డ్రమ్ స్టిక్ దూర్చడం ఉత్త స్టంటు.

ఫొటోల్లో అలాగే కనిపిస్తుంది. బల్ల మీద పెట్టి చూస్తే లెక్క ఉంది.

వాళ్లకు ఇష్టమైన జాజ్‌మాస్టర్ గిటార్‌లో నట్ (నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. డ్రమ్ స్టిక్‌ని తీగలకీ ఫ్రెట్ బోర్డుకీ మధ్య దూరిస్తే తీగ రెండు ముక్కలుగా పనిచేస్తుంది. దాన్ని సరిగ్గా సగంలో, అంటే 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డగీత) దగ్గర పెడితే రెండు ముక్కలూ సమానం. మూడో వంతు దగ్గర, అంటే నట్ నుంచి 216 మిల్లీమీటర్లలో, 7వ ఫ్రెట్ దగ్గర పెడితే ఒక ముక్క రెండోదానికి రెట్టింపు పొడవు. ఇలాంటి సరళమైన నిష్పత్తుల్లో రెండు ముక్కలకూ ఉమ్మడి హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఉంటాయి. ఒకవైపు కొడితే రెండోవైపు తనంతట తనే కంపిస్తుంది, గంట మోగినట్టు పొడుగ్గా సాగుతుంది. అక్కడి నుంచి ఒక వేలెడు పక్కకు జరపండి, ఆ కంపన తగ్గిపోయి ఇనుము గీసినట్టు వస్తుంది. రెండూ పనికొచ్చే శబ్దాలే. ఏది ఎక్కడ దొరుకుతుందో తెలిసి వాడితే అది వాయిద్యమే. దీన్ని మూడో బ్రిడ్జి పద్ధతి అంటారు.

జాజ్‌మాస్టర్ల మీద వాళ్లకు మోజు ఎందుకంటే, వాటిలో బ్రిడ్జికీ తీగలు కట్టే చోటుకీ మధ్య బాగా పొడుగు తీగ మిగులుతుంది. మామూలు ప్లేయర్లకు అదొక తలనొప్పి, అనవసరంగా మోగుతుంది. వీళ్లు సరిగ్గా అక్కడే మీటారు. ఫెండర్ కంపెనీ ఈ గిటార్‌ని 1958లో జాజ్ వాయించేవాళ్లని దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. వాళ్లు పెద్దగా ముట్టుకోలేదు, 1980 నాటికి తయారీ ఆగిపోయింది. అలా పాత షాపుల్లో దుమ్ము పట్టి చవగ్గా దొరికాయి.

అపోహ: ఇలాంటి సౌండ్ రికార్డు చేయడానికి గ్యారేజీ, టేప్ రికార్డర్ ఉంటే చాలు.

1987 నాటి సిస్టర్ ఆల్బమ్‌ని న్యూయార్క్‌లోని సియర్ సౌండ్‌లో పాత ట్యూబ్ పరికరాల మీద చేశారు. దాని గిటార్లలో ఉన్న ఆ వెచ్చని గరుకుతనం కొంత ఆ ట్యూబులదే. మరుసటి ఏడాది వచ్చిన రెండు రికార్డుల డేడ్రీమ్ నేషన్ గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలో తయారైంది. అది ప్రధానంగా హిప్ హాప్ జరిగే చోటు. ఇంజనీర్ నిక్ సాన్సానో అప్పటికి పబ్లిక్ ఎనిమీ అనే హిప్ హాప్ బృందంతో పనిచేసినవాడు. గిటార్ గోలకు అలవాటు లేని ఇంజనీర్, కానీ ఒకదాని మీద ఒకటి పేర్చిన శబ్దాల గుట్టలో ప్రతిదీ విడిగా వినిపించేలా చేయడం అతనికి బాగా తెలుసు. ఆ ఆల్బమ్‌లో ఎంత రణగొణ ఉన్నా రెండు గిటార్లూ విడివిడిగా చెవికి అందుతాయి. ఇంకో సంగతి, 1985లో స్టీవ్ షెల్లీ డ్రమ్స్ మీదికి వచ్చాక కింద కాలప్రమాణం గట్టిపడింది. అది లేకుండా పైన అంత స్వేచ్ఛ దొరికేది కాదు. గిటార్ల వాణ్ణయినా ఇది ఒప్పుకోక తప్పదు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ తన 2005 జాతీయ రికార్డింగ్ జాబితాలో ఈ ఆల్బమ్‌ని చేర్చింది.

అపోహ: పెద్ద కంపెనీకి అమ్ముడుపోయాక ప్రయోగం ఆగిపోయింది.

1990లో గూ ఆల్బమ్‌తో గెఫెన్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్ల డీజీసీ లేబుల్‌కి వెళ్లారు. 1992 నాటి డర్టీకి ప్రొడ్యూసర్ బుచ్ విగ్ పనిచేశాడు. దాంట్లో గిటార్లు నాకు కాస్త ఎక్కువ సాపు చేసినట్టే అనిపిస్తాయి, అంతవరకు ఫిర్యాదులో నిజం ఉంది. కానీ అదే కంపెనీ నుంచి 1995లో వచ్చిన వాషింగ్ మెషీన్ చివరి పాట 19 నిమిషాల పైన నడుస్తుంది. దాని పొడుగు వెర్షన్ 25 నిమిషాలు దాటుతుంది. ఆ ఏడు లోలాపలూజా అనే ఊరూరా తిరిగే సంగీతోత్సవం టూర్‌లో వాళ్లే ప్రధాన బ్యాండ్. ఆ డబ్బుతో మాన్‌హట్టన్‌లోని ముర్రే స్ట్రీట్‌లో సొంత స్టూడియో కట్టుకున్నారు.

సొంత స్టూడియో అంటే గంటల లెక్కన అద్దె కట్టకుండా టేపు తిరుగుతూ ఉండొచ్చు. 1997 నుంచి ఎస్‌వైఆర్ అనే సొంత లేబుల్ మీద, పెద్ద కంపెనీ ముట్టుకోని రకం రికార్డులు వదలడం మొదలుపెట్టారు. 1999లో జాన్ కేజ్, స్టీవ్ రీచ్, పాలీన్ ఒలివెరోస్ లాంటి స్వరకర్తల రచనలతో ఒక డబుల్ ఆల్బమే చేశారు. అమ్ముడుపోయినవాళ్లు చేసే పనేనా ఇది?

అపోహ: 2000 నాటికి వాళ్ల దగ్గర సరుకు అయిపోయింది.

ఆ ఏడాది వచ్చిన ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్‌ని చాలామంది తిట్టారు. పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్ పదికి సున్నా ఇచ్చింది. అంతకు ముందు ఏం జరిగిందో చూడాలి. 1999 జులై 4న కాలిఫోర్నియాలోని ఆరెంజ్ అనే ఊళ్లో వాళ్ల సామాన్లున్న ట్రక్కు దొంగతనానికి గురైంది. గిటార్లు, ఆంప్‌లు, పెడళ్లు అన్నీ పోయాయి.

వేరే బ్యాండ్‌కైతే ఇన్సూరెన్సు డబ్బుతో అవే మోడళ్లు కొనుక్కుంటే సరిపోతుంది. వీళ్లకు కుదరదు. ఏళ్ల తరబడి ఒక్కో గిటార్‌ని ఒక్కో ట్యూనింగ్‌కి మలిచారు. బ్రిడ్జిలు మార్చారు, వైరింగ్ పీకి ఒక వాల్యూమ్ నాబ్, ఒక పికప్ (తీగ కంపనని పట్టే అయస్కాంత పరికరం) స్విచ్ మాత్రమే మిగిల్చారు. కొన్ని పాటలు ఫలానా గిటార్ మీద తప్ప అలా మోగవు. ట్రక్కుతో పాటు వాళ్ల పాత పాటల్లో ఒక భాగం కూడా పోయినట్టే. స్టూడియోలో మిగిలిన పాత గిటార్లతో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆల్బమ్‌లో గిటార్లు చిన్నగా, గీకుతూ, ఖాళీగా ఉండటానికి కారణం ఇదే అని నా అభిప్రాయం. అందులో చదివినట్టు పలికే మాటలు నాకూ ఎక్కలేదు. గిటార్ల వరకు మాత్రం సున్నా అన్యాయం.

ఆ రికార్డులో తోడున్న జిమ్ ఓరూర్క్ తర్వాత బ్యాండ్‌లో సభ్యుడే అయ్యాడు, 2005 దాకా ఉన్నాడు. 2002లో ముర్రే స్ట్రీట్ వచ్చింది. స్టూడియో ఉన్న వీధి పేరే అది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానం ఇంజిన్ ఒకటి ఆ వీధిలోనే పడింది. ఈ దశలో మూర్ ఎక్కువగా సీ-జీ-డీ-జీ-సీ-డీ అనే ఒక్క ట్యూనింగ్ దగ్గర స్థిరపడుతూ వచ్చాడు. ఆ తీగల వరసలో మూడో స్వరం, అంటే గాంధారం లేదు కాబట్టి మేజరా మైనరా అన్నది తేలదు. వదిలేసిన తీగలు వేళ్ల చుట్టూ మోగుతూనే ఉంటాయి. 2006 నాటి రాదర్ రిప్డ్ అంత తేటగా ఉండటం చూసి మెత్తబడ్డారు అన్నవాళ్లున్నారు. ట్యూనింగ్‌లో ఎదురుచూడని స్వరాలు తగ్గాయి, అంతే. వేళ్లు మాత్రం అవే.

అపోహ: ఈ సౌండ్ రావాలంటే జాజ్‌మాస్టరే కొనాలి.

2009లో ఫెండర్ స్వయంగా మూర్, రానాల్డో పేర్లతో జాజ్‌మాస్టర్లు తెచ్చింది. ఎవరికీ అక్కర్లేక చవకైన గిటార్ చివరికి సంతకంతో ఖరీదైంది! మీకు అది అక్కర్లేదు. బ్రిడ్జి కదలని, తేలే ట్రెమోలో (స్వరాన్ని ఊపే మీట) లేని ఏ గిటారైనా సరే. ట్రెమోలో స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉంటే ఒక తీగ మార్చిన ప్రతిసారీ మిగతా ఐదూ తప్పుతాయి, పిచ్చెక్కుతుంది. ప్యాకెట్ తీగలు అలాగే ఎక్కించకండి. ప్రతి తీగా ఏ స్వరానికి వెళ్తుందో రాసుకుని, దించేదానికి మందమైనది, ఎక్కించేదానికి సన్ననిది విడిగా కొనండి. మందం తీగ నట్ గాడిలో ఇరుక్కుంటే గాడిని కొద్దిగా అరగదీయించండి. ట్యూన్ చేశాక ఒక రాత్రి వదిలేసి, పొద్దున నెక్ వంపు చూసి, ట్రస్ రాడ్‌ని ఒకేసారి పావు చుట్టు కంటే తిప్పకుండా సరిచేయండి. తర్వాత ఆ గిటార్‌ని మళ్లీ మామూలు ట్యూనింగ్‌కి తేవద్దు.